వాలు కుట్టు

మేస్త్రి భార్య చేతి కుట్టును కంపెనీ దొంగిలించింది. ఇందులో వాదించడానికేమీ లేదు. దొంగిలించిన వాళ్ళు దాన్ని అద్దం కట్టించి ఫ్యాక్టరీ గుమ్మం పైన తగిలించారు కూడా. డ్యూటీకి వచ్చే ప్రతివాడూ దాని కింద నుంచే లోపలికి పోవాలి.

అద్దం వెనక ఉన్నది పేటెంటు మొదటి పేజీ. పైన కంపెనీ పేరు. దాని కింద, కనిపెట్టినవాడిగా పెద్ద కెమిస్టు పేరు. అడుగున, పుండు మీద వేసే కట్టు బొమ్మ. రెండు పొరల గాజుగుడ్డ, మధ్యలో జెల్లు, దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఏటవాలుగా పోయిన కుట్లు. కుడివైపు కింది మూల మాత్రం కుట్టు లేకుండా వదిలేసి ఉంది. మేస్త్రి ఆ బొమ్మ వంక తలెత్తి చూడడు. చూడకుండానే ఏ కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పగలడు. ఆ సూదిలోకి దారం ఎక్కించింది తనే.

ఆ రోజు పొద్దున్నే తొట్టి తిప్పుతున్నాడు. జెల్లు పొడిని నీళ్ళలో కలపడం ఆయన పని. ఒక్కసారిగా గుమ్మరిస్తే గడ్డ కడుతుంది. పైన తడిసి లోపల పొడిగా మిగిలిపోయే గడ్డ, దాన్ని ఎవరూ విడదీయలేరు. సుడి తిరిగే నీళ్ళ అంచున జల్లెడతో పలచగా రాల్చాలి. చెయ్యి ఆగకూడదు, తొందర పడకూడదు. నేల మీద పొడి పడి దానికి తడి తగిలితే నూనె ఒలికినట్టే. కొత్తవాళ్ళందరూ మొదటి వారం ఓసారి పడతారు.

పెద్ద కెమిస్టు గుమ్మంలో నిలబడ్డాడు. మెరిసే బూట్లు. లోపల అడుగు పెట్టలేదు.

"మేస్త్రీ, ఓసారి పైకి రా."

"తొట్టి తిరుగుతోంది సార్. వదిలితే గడ్డ కడుతుంది."

"ఎంతసేపు?"

"కలిసేదాకా."

కెమిస్టు అక్కడే నిలబడ్డాడు. మేస్త్రి జల్లెడ ఊపుతూనే ఉన్నాడు. మామూలు కంటే నెమ్మదిగా ఊపాడు.

పైన మేనేజరు గదిలో కాఫీ తెప్పించారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆయనకు కాఫీ ఇవ్వడం అదే మొదలు. కప్పు ముట్టుకోలేదు.

"పోటీ కంపెనీ వాళ్ళు మన పేటెంటు కొట్టేయమని పిటిషన్ వేశారు," అన్నాడు మేనేజరు. "నిన్ను సాక్షిగా పిలిచారట."

"పిలిచారు."

"ఏం చెబుతావ్?"

"జరిగింది చెబుతాను."

"అదే మేమూ అనేది. జరిగిందేమిటి? జెల్లు కంపెనీది. ఎలా పనిచేస్తుందో చూడమని నీకిచ్చాం. నువ్వు ఇంట్లో తలుపేసుకుని మీ ఆవిడకి వాడావు. బయటివాళ్ళెవరూ చూడలేదు. అంతే కదా."

"ఆ అంతేలో కుట్టిందెవరో లేదు సార్."

కెమిస్టు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మేస్త్రి భార్య మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న రోజు కూడా ఇలాగే తుడిచాడు. తుడిచి, పెట్టుకుని, వంగి, కట్టును రెండువైపులా తిప్పి ఫోటో తీసుకున్నాడు. "భలే చేశావమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆవిడ సాయంత్రం దాకా మురిసిపోయింది. మేస్త్రికి కడుపు మండేది ఫోటోకి కాదు, ఆ మురిపెం గుర్తొచ్చి.

"ఆవిడ పేరు కూడా చేర్పిద్దాం మేస్త్రీ," అన్నాడు కెమిస్టు. "ముందు ఈ గొడవ గడవనీ."

"ముందు పేరు చేర్చండి. గొడవ దానంతటదే గడుస్తుంది."

"అలా కుదరదు. ఇప్పుడు చేరిస్తే మేమే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది."

"ఆవిడ బతికున్నప్పుడు కుదరలేదు. పోయాక కుదరలేదు. మీకు కుదిరే రోజేదో అది కూడా అద్దం కట్టించి గోడకి పెట్టండి సార్. వస్తూ పోతూ చూసుకుంటాం."

మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. మేస్త్రి లేచి వచ్చేశాడు.

కింద ప్యాకింగ్ బల్ల దగ్గరి పెద్దావిడ సంచులకు అంచులు అతికిస్తూ అడిగింది. "పైకి పిలిచారటగా. కాఫీ ఇచ్చారా?"

"ఇచ్చారు."

"అయితే కొంప మునిగినట్టే."

సెలవు రోజున పోటీ కంపెనీ తరఫు లాయరమ్మ ఇంటికి వచ్చింది. వయసు ఎంతో లేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, కిటికీ పక్కన ఉన్న ఇనప మంచం అంచున కూర్చోబోయింది.

"అక్కడొద్దు," అన్నాడు మేస్త్రి.

ఆమె ఉలిక్కిపడి లేచింది. మరదలు చప్పున కుర్చీ లాగి వేసింది. మరదలిది రెండు వీధుల అవతల ఇల్లు. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళికి ముందు నుంచీ పరుపులు, బొంతలు కుట్టేవాళ్ళు. అక్క పోయాక చెల్లెలు ఒక్కతే కుడుతోంది. ఇప్పుడు కూడా జాకెట్టుకి రెండు సూదులు గుచ్చుకునే వచ్చింది.

మేస్త్రి అలమరలోంచి రేకు డబ్బా తీశాడు. అందులో ఆవిడ కుట్టిన ఆఖరి కట్టు ఉంది, వాడనిది. గుడ్డలో చుట్టి పెట్టాడు. లాయరమ్మ చెయ్యి చాచింది. ఆయన దాన్ని ఆమె చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు.

"ఇది కుట్టాలని ఆవిడకెలా తట్టింది?" అని అడిగింది లాయరమ్మ.

మేస్త్రి నోరు విప్పేలోగా మరదలు అందుకుంది. "బావ ఫ్యాక్టరీ నుంచి జెల్లు రేకులు తెచ్చేవాడమ్మా, వీళ్ళ సారే ఇచ్చి పంపేవాడు. పుండు మీద వేస్తే రసి బాగానే పీల్చేది. పీల్చి ఉబ్బి, ముద్దగా ఓ పక్కకి జారిపోయేది. అంచులమ్మట కారి మంచి చర్మం కూడా నానిపోయి తెల్లబడేది. అక్క చూసి, కుట్లు వేయని పరుపులా ఉందే ఇది, దూదంతా కాళ్ళ దగ్గరికి చేరినట్టు చేరుతోంది, గాజుగుడ్డలో పెట్టి నాకివ్వండి, కుట్లేస్తాను, ఎక్కడిది అక్కడే ఉబ్బుతుంది అంది. అన్నదే చేసింది."

"కుట్లు ఏటవాలుగా ఎందుకు?" లాయరమ్మ తన సంచిలోంచి పేటెంటు ప్రతి తీసింది. "ద్రవం అన్ని వైపులకూ సమంగా పాకేలా ఎంచుకున్న కోణం అని రాశారు వీళ్ళు."

మరదలు పెద్దగా నవ్వేసింది. "కోణమా. నడుం కింద పుండమ్మా. వెల్లకిలా పడుకుంటే నలుగుతుంది. పక్కకి తిరిగి పడుకుని కుట్టేది. అలా పడుకుని నువ్వు సూది పట్టుకో, చెయ్యి నిటారుగా ఎలా పోతుందో నేనూ చూస్తాను."

లాయరమ్మ కూడా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. ఒంటి చేత్తో, బుగ్గ దిండుకి ఆనించి, పంటితో దారం కొరుక్కుంటూ ఆవిడ లాగిన ప్రతి కుట్టూ అలా వాలింది. ఆ వాలుకి వీళ్ళు డిగ్రీలు లెక్కగట్టి రాసుకున్నారు.

"ఈ మూల? గాలి ఆడటానికి వదిలాం అన్నారు."

"గాలి కాదు," అన్నాడు మేస్త్రి. "కట్టు విప్పేటప్పుడు నేను ఎక్కడ పట్టుకుని లాగినా ఆవిడకి ప్రాణం పోయేది. ఇదిగో ఇక్కడ వేలు పెట్టు అని ఆ మూల వదిలింది. అక్కడ జెల్లు ఉండదు కనక ఒంటికి అంటుకోదు. అది నా వేలు కోసం వదిలింది."

బయట ఎవరో బకెట్టు నీళ్ళు గుమ్మం ముందు చల్లుతున్నారు.

"దీన్ని ఎవరెవరు చూశారు?" అడిగింది లాయరమ్మ. గొంతు మామూలుగానే ఉంది.

"చూడందెవరు?" అంది మరదలు. "కట్టు మార్చడానికి వచ్చే నర్సు చూసింది. చూసి ఇంకో రోగి కోసం ఒకటి అడిగి పట్టుకెళ్ళింది. ఎదురింటి వాళ్ళు చూశారు. పాలు పోసే ఆవిడ చూసింది. వాళ్ళత్తకి కాలి పుండని, అక్క మంచం పక్కన కూర్చుని కుట్టు నేర్చుకుని మరీ పోయింది. అక్కకి ఒంట్లో ఓపిక లేదు గానీ నోట్లో బోలెడు. ఎవరొచ్చినా ఇటు కూర్చో, నేర్పుతాను అనేది."

"ఇదంతా అక్కడ ఇలాగే చెప్పండి," అంది లాయరమ్మ. "ఒక్కరిని కూడా మర్చిపోవద్దు."

"చెబితే మా ఆవిడదే అని రాస్తారా?" అన్నాడు మేస్త్రి.

"మీరు చెప్పింది చెప్పినట్టు రికార్డులోకి వెళుతుంది."

ఆయన దాన్ని అవును అనుకున్నాడు. ఆమె అవును అనలేదు.

ఆమె వెళ్ళాక మరదలు కుర్చీ గోడకు జరుపుతూ అంది. "బావా, వీళ్ళు కూడా జెల్లు అమ్ముకునేవాళ్ళే కదా. మన మీద ఇంత ప్రేమ ఎందుకంటావు?"

"నీకన్నీ అనుమానాలే," అని కసిరాడు.

"అనుమానం కాదు. ఊరికే అడిగాను."

విచారణ గది చిన్నది, చల్లగా ఉంది. పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, మధ్యలో అధికారి. ఒకవైపు కంపెనీ వాళ్ళు, ఇంకోవైపు పోటీ కంపెనీ వాళ్ళు. కెమిస్టు మేనేజరు పక్కన కూర్చుని ఉన్నాడు. మరదలిని గోడ పక్కన బెంచీ మీద కూర్చోమన్నారు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర గుండీ బిగుతుగా ఉన్నా విప్పలేదు.

లాయరమ్మ అడిగింది, ఆయన చెప్పాడు. కట్టును పారదర్శకమైన కవరులో పెట్టి అటూ ఇటూ తిప్పారు. అధికారి దాన్ని దగ్గరికి లాక్కుని, ఖాళీ మూలను పెన్ను చివరతో నొక్కి చూశాడు.

"పెన్నుతో పొడవకండి," అన్నాడు మేస్త్రి.

గదిలో అందరూ తలెత్తారు. అధికారి ఒక్క క్షణం ఆయన వైపు చూసి పెన్ను పక్కన పెట్టాడు.

కంపెనీ లాయరు తల నెరిసినవాడు. లేవలేదు, గొంతు పెంచలేదు. "పెద్దాయనా, ఈ కట్టు మీ భార్య కుట్టారు. దాన్ని మేం ఇవాళ కాదనడం లేదు."

మేస్త్రి కెమిస్టు వైపు చూశాడు. కెమిస్టు బల్ల వైపు చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అడిగిన మాట ఇంత సులువుగా ఎలా వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. అర్థం కానందుకు ఇంకా మండింది.

"అయితే ఒక్క సంగతి," అన్నాడు లాయరు. "మంచాన పడ్డ ఆడమనిషి నడుం కింది పుండు. లోపలి గది. మీద దుప్పటి. అలాంటిది వచ్చేపోయే వాళ్ళకి చూపించుకుంటారా ఎవరైనా? మీరు, మీ మరదలు తప్ప ఆ కట్టును ఎవరూ చూసి ఉండరు. అవునంటే చాలు."

లాయరు ఆయన ముఖంలోకే చూస్తున్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు. మేస్త్రికి అందులో బతిమాలుడు కనిపించలేదు. మళ్ళీ దుప్పటి కప్పుతున్నారని తోచింది. ఆవిడ బతికుండగా కాగితంలో పేరు కప్పేశారు, ఇప్పుడు మనిషినే కప్పేస్తున్నారు.

"ఎందుకు దాచుకుంటాం?" అన్నాడు. "మేమేమన్నా దొంగతనం చేశామా? నర్సు చూసింది. ఎదురింటి వాళ్ళు చూశారు. పాలావిడ కుట్టు నేర్చుకుపోయింది. అడిగిన ప్రతి మనిషికీ మా ఆవిడ మంచం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. మీ కెమిస్టు వచ్చిన రోజున కూడా గదిలో ఇద్దరు ఆడవాళ్ళు కుడుతూ ఉన్నారు, అడగండి. ఊళ్ళో ఎవరినడిగినా అది ఎవరి చేతి కుట్టో చెబుతారు. ఇంతమంది చూశాక ఆవిడది కాదని ఎవడంటాడో అనమనండి."

కంపెనీ లాయరు ఫైలు మూసేశాడు. "ఇంకేమీ అడిగేది లేదు."

లాయరమ్మ పెన్నుకి మూత పెట్టింది. ఆమె పెదవుల చివర నవ్వు కనబడింది. మేస్త్రి ఆ నవ్వు తన భార్య కోసమే అనుకున్నాడు. వెనక బెంచీ మీద మరదలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

కట్టు వెనక్కి ఇమ్మని అడిగితే, ఇప్పుడు కుదరదు, సాక్ష్యంగా ఉంచాలి అన్నారు.

బయట వసారాలో నీళ్ళ కుళాయి దగ్గర కెమిస్టు ఒక్కడే నిలబడి ఉన్నాడు. మేస్త్రి దాటిపోబోయాడు.

"ఏం చేశావో తెలుసా?" అన్నాడు కెమిస్టు.

మేస్త్రి ఆగాడు.

"మా లాయరు ఆవిడ పేరు చేర్చడానికి ఒప్పుకునే వచ్చాడు. పొద్దున్నే అనుకున్నాం. చేర్చకపోతే పేటెంటు నిలవదని మాకూ తెలిసింది. ఎవరూ చూడలేదు అని నువ్వొక్క మాటంటే, అది నిలబడేది, దాని మీద ఆవిడ పేరుండేది."

"అబద్ధం చెప్పమంటారు."

"చెప్పమనను. జరిగేదేమిటో చెబుతున్నాను. మేం కాగితాలు పెట్టకముందే ఊరంతా చూసి, ఊరంతా నేర్చుకుందని నువ్వే చెప్పావు. అందరూ చూసేసిన దాని మీద ఎవరికీ హక్కుండదు. మాకూ ఉండదు, ఆవిడకీ ఉండదు. పోటీ వాళ్ళకి కావలసింది అంతే. నీ నోటితోనే ఇప్పించుకున్నారు."

"అందరూ చూశారు కాబట్టే అది ఆవిడదని తేలుతుంది. చూసినవాళ్ళు లేకపోతే ఎవరిదని ఎలా చెబుతారు?"

"నీ లెక్కలో అంతే. ఇక్కడి లెక్క వేరు."

మేస్త్రి ఆయనకు బాగా దగ్గరగా వెళ్ళాడు. ఇన్నేళ్ళూ సార్ అని పిలిచిన నోరు అది. "దొంగిలించినవాడివి నువ్వు," అన్నాడు. "నాకు లెక్కలు చెప్పకు."

కెమిస్టు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కుళాయి కింద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ కుళాయి కట్టలేదు.

నెల తిరక్కుండానే తీర్పు వచ్చింది. మేస్త్రి తొట్టి దగ్గర ఉండగా ఫోను మోగింది. చేతులు తుడుచుకుని ఎత్తాడు.

"గెలిచామండీ," అంది లాయరమ్మ. "పేటెంటు కొట్టేశారు. మీ సాక్ష్యం వల్లే."

"మా ఆవిడ గురించి ఏం రాశారు?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "చదువుతాను వినండి. సాక్షి భార్య వాడిన కట్టును ఇరుగుపొరుగు వారు బాహాటంగా చూశారు, తయారీ నేర్చుకున్నారు. దరఖాస్తుకు ముందే అది లోకానికి తెలిసిన వస్తువు. కాబట్టి పేటెంటు చెల్లదు. ఇక దాన్ని మొదట ఎవరు తయారు చేశారన్న ప్రశ్నలోకి పోవలసిన అవసరం లేదు."

"ఆ చివరి ముక్క ఇంకోసారి చదవండి."

ఆమె చదివింది.

"పేరెక్కడుంది?"

"సాక్షి భార్య అని ఉందండీ. అది ఆవిడే కదా."

"నేను పేరడిగాను."

"చూడండి, మీరు నిజం చెప్పారు, నిజం గెలిచింది. ఇప్పుడది ఎవరైనా చేసుకోవచ్చు. ఆవిడకి అంతకంటే..."

మేస్త్రి ఫోను పెట్టేశాడు. వెనక్కి తిరిగేసరికి తొట్టిలో పొడి గడ్డ కట్టి ఉంది. పైన మెత్తగా, లోపల పొడిగా, పిల్లల తలకాయంత గడ్డ. చెయ్యి పెట్టి తీశాడు, వేళ్ళ సందుల్లోంచి జారి మళ్ళీ తొట్టిలో పడింది. ఆ తొట్టెడు సరుకూ మురిక్కాలవలో పారబోయించాడు. అలా పారబోయించడం ఆయన చేతి మీద అదే మొదలు.

సాయంత్రం డ్యూటీ దిగుతుంటే గుమ్మం పైన అద్దం లేదు. పాలిపోయిన సున్నం మధ్య నలుచదరంగా తెల్ల మచ్చ. ప్యాకింగ్ పెద్దావిడ దాని కింద నిలబడి కొంగు సర్దుకుంటోంది.

"మీ ఆవిడ బొమ్మ తీసేశారు మేస్త్రీ," అంది.

ఆయన ఆగాడు. దాన్ని మీ ఆవిడ బొమ్మ అని ఆ గుమ్మంలో అన్నది ఈ పెద్దావిడొక్కతే. అదీ ఇప్పుడు, తీసేశాక. గేటు వైపు నడిచాడు.

కొన్నాళ్ళకు మరదలు వచ్చి, "బావా, మా వీధి చివరింట్లో ముసలాయనకి అక్కకొచ్చినలాంటి పుండే. కోడలికి కట్టు విప్పడం చేతకావడం లేదు. ఓసారి వస్తావా?" అంది. రానన్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది. చెప్పులేసుకున్నాడు.

ముసలాయన పక్కకి తిరిగి పడుకుని గోడ చూస్తున్నాడు. కోడలు కట్టు పైఅంచు పట్టుకుని పీకుతోంది. పీకినప్పుడల్లా ఆయన మోకాలు ముడుచుకుంటోంది. మంచం కింద ఖాళీ అట్టపెట్టె ఉంది. దాని మీద పోటీ కంపెనీ ముద్ర. మేస్త్రి వంగి చూశాడు. కట్టు మీద కుట్లు మిషన్ వేసినవి. అన్నీ ఒకే వాలు. ఎక్కడా దారం తడబడలేదు. కుడివైపు కింది మూల ఖాళీగా ఉంది.

"అలా కాదు," అన్నాడు. "లే."

కోడలు జరిగింది. ఆయన గోరువెచ్చని నీళ్ళు తెప్పించి అంచులు తడిపాడు. కాసేపు ఆగాడు. ఆ తర్వాత బొటనవేలు ఆ మూలలో పెట్టి, ఒంటి వెంబడే, వెనక్కి మడుస్తూ లాగాడు. ఆ వేలుకి ఆ చోటు తెలుసు. కట్టు మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ముసలాయన మోకాలు కదలలేదు. "అయిపోయిందా?" అని గోడనే అడిగాడు.

కోడలు అట్టపెట్టె తీసి తిప్పి తిప్పి చూసింది. "మూల గాలి కోసం వదిలామని రాశారే ఇక్కడ. పట్టుకోవడానికని లేదే. మీకెవరు చెప్పారండీ?"

మరదలు ముఖం వెలిగింది. చెప్పడానికి నోరు తెరిచింది.

"పద," అన్నాడు మేస్త్రి.

చేతులు కడుక్కుని బయటికి వచ్చేశాడు. మరదలు చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెనకాల వచ్చింది. సందు మలుపులో ఆయన్ని అందుకుంది.

"ఎందుకు చెప్పనివ్వలేదు బావా? దాని కోసమే కదా అంత గొడవా పడ్డావు."

"చెబితే ఆమెకి తెలుస్తుంది. ఆమె ఇంకొకరికి చెబుతుంది. అందరికీ తెలుస్తుంది. అందరికీ తెలిసింది ఎవరిదీ కాదన్నారుగా."

"తెలిస్తే మంచిదేగా?"

మేస్త్రి ఆగి ఆమె వైపు చూశాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీ అక్క సంగతి, ఆ కట్టు సంగతి, ఇక నా ముందు ఎత్తకు. నీ ఇంట్లో కూడా ఎత్తకు."

"అక్క పేరు కూడానా?"

"ఎత్తకు."

మర్నాడు పొద్దున తొట్టి దగ్గర కొత్తగా చేరినవాడొకడు, గుమ్మం పైన ఆ తెల్ల మచ్చ ఏమిటని ఆయన్ని అడిగాడు. మేస్త్రి జల్లెడ అందుకుని, నీళ్ళ అంచున పొడి రాల్చడం మొదలుపెట్టాడు. వాడు ఇంకోసారి అడిగాడు. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని ఎవరూ అడగలేదు.